మలక్కా సమాధుల మధ్య అంకెల వేట

పోయిన ఆదివారం మలక్కా వెళ్ళొచ్చాను. పోస్టు పొడుగ్గా ఉంటాది, టీ గ్లాసు పక్కన పెట్టుకుని చదవండి. చివర్లో మన కుర్రాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి ఉంది. అందాకా రండి.

మా సైటులో సర్వేయరు తమ్ముడు ఒకడున్నాడు. బగన్ దాతో వైపు తెలుగువాళ్ళ పిల్లాడు. వాళ్ళ ముత్తాత కొబ్బరి తోటల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈ తమ్ముడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. శనివారం సాయంత్రం లెవెల్ మెషిన్ పెట్టెలో సర్దుతూ అడిగాడు, "అన్నా, రేపు ఖాళీయా? నిధి వేటకి వస్తావా?" అని. నేను నవ్వాను. నలభై దాటినోడిని, నాకు నిధి ఏటి అనుకున్నాను. కానీ ఆదివారం కోంగ్సీలో పడుకుంటే ఫోను చూడ్డం తప్ప పని లేదు. సరే అన్నాను.

ఆ ఆట పేరు జియోకాషింగ్. ఎలా పుట్టిందో దారిలో చెప్పాడు. జీపీఎస్ అనేది అమెరికా మిలిటరీవాళ్ళది. మామూలు జనానికి ఇచ్చే సిగ్నల్‌ని వాళ్ళు కావాలనే పాడుచేసి ఇచ్చేవారంట. మనం నిలబడ్డ చోటు వంద మీటర్ల దాకా తప్పు చూపించేది. 2000 మే నెల మొదట్లో ప్రెసిడెంట్ క్లింటన్ దాన్ని తీసేయించాడు. ఒక్క రాత్రిలో లెక్క పది, ఇరవై మీటర్లకి వచ్చేసింది. వెంటనే మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గర అడవిలో ఒక బకెట్టు దాచి, ఆ చోటు అంకెలు ఇంటర్నెట్లో పెట్టాడు. కొద్ది రోజుల్లోనే జనం వెతికి పట్టుకున్నారు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఇలాంటి డబ్బాలు ముప్పై లక్షలకి పైనే ఉన్నాయి. దొరికినోడు లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టెయ్యాలి. అంతే, డబ్బులేం రావు.

కొన్నిటికి మాత్రం అంకెలు నేరుగా ఇవ్వరు. పాత చర్చి, పాత స్మశానం లాంటి చోటికి పంపి ప్రశ్నలు ఇస్తారు. ఫలానా రాయి మీద సంవత్సరంలో చివరి అంకె ఎంత, ఫలానా వరసలో ఎన్ని రాళ్ళు, ఇలాగ. ఆ జవాబులు కూడి తీసేస్తే డబ్బా ఉన్న చోటు వస్తుంది. సమాధి మీద కానీ, సమాధి పక్కన కానీ డబ్బా పెట్టకూడదు. చచ్చిపోయినవాళ్ళని కదపకూడదు, చదవడం మాత్రమే. మేం వెళ్ళింది అలాంటి దానికే. డబ్బా ఎక్కడుందో, అంకెలు ఏటో నేను చెప్పను. చెప్తే తర్వాత వచ్చేవాళ్ళ ఆట పాడైపోద్ది.

మొదట సెయింట్ పాల్ కొండ ఎక్కాం. పైన పైకప్పు లేని చర్చి గోడలున్నాయి. పోర్చుగీసువాళ్ళు మలక్కాని 1511లో సుల్తాను దగ్గర గెలుచుకున్నారు, 1521లో ఈ గుడి కట్టారు. ఫ్రాన్సిస్ జేవియర్ పేరు మీరు వినుంటారు, గోవాలో ఆయన శరీరం ఉంది కదా. ఆయన 1552లో చైనా తీరంలో చనిపోతే గోవా తీసుకెళ్ళే ముందు 1553లో కొన్ని నెలలు ఇక్కడే పూడ్చి ఉంచారు. తర్వాత 1641 జనవరిలో డచ్చివాళ్ళు మలక్కాని పట్టుకున్నారు. మా వైపు ముసలాళ్ళు వాళ్ళని ఒలందులు అనేవారు. వాళ్ళు చాలా ఏళ్ళు ఇదే గుడి వాడుకుని, కొండ కింద కొత్త చర్చి కట్టుకున్నాక దీన్ని స్మశానం చేసేశారు. నేల మీది పెద్ద పెద్ద రాతి పలకలు ఇప్పుడు గోడలకి ఆనించి నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోటి నా కంటే ఎత్తు. ఓడ బొమ్మలు, పుర్రెలు, కవచాలు, ఆ చుట్టూ అక్షరాలు.

ఆ రాళ్ళ ముందు నిలబడగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది భీమిలి దగ్గర పల్లె. చిన్నప్పుడు భీమిలిలో ఒలందుల సమాధుల దగ్గర ఆడుకునేవాళ్ళం. 1660ల నాటి రాళ్ళు కూడా ఉన్నాయి అక్కడ. మాకేం తెలుసు, పలకల మీద పడుకునేవాళ్ళం, మేకలు తోలుకెళ్ళేవాళ్ళం. ఇక్కడ మలక్కాలో అదే అక్షరం, అదే పుర్రె. ఇంటి దగ్గర గోడ చూసినట్టయింది.

ఇది ఊరికే పోలిక కాదు. రెండూ ఒకే కంపెనీ వాళ్ళవి. డచ్చి కంపెనీ 1600 తర్వాత మచిలీపట్నంలో, పులికాట్‌లో, తర్వాత భీమిలిలో కొట్లు పెట్టింది ఎందుకంటే, ఇటు దీవుల్లో జాజికాయ, లవంగం కొనాలంటే ఇక్కడివాళ్ళకి వెండి కంటే మన తీరం బట్టలు ముద్దు. మన నేతగాళ్ళు నేసిన గుడ్డ ఓడెక్కి ఇటొచ్చేది, మసాలా దినుసులు అటెళ్ళేవి. గుడ్డలే కాదు. కరువు వచ్చినప్పుడు మనుషుల్ని కూడా బానిసలుగా కొని తీరం నుంచి ఓడల్లో తీసుకెళ్ళారు. మన తీరంలో చెక్కిన సమాధి రాళ్ళు కూడా బతావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, ఓడల మీద వెళ్ళాయి. అంటే దొర చచ్చిపోతే రాయీ మనదే, చెక్కిన చెయ్యీ మనదే.

ఇంకోటి చెప్తాను, నాకు ఆరోజే తెలిసింది. 1824 మార్చి 17న ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ లండన్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. మలక్కా ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశారు. ఇండియాలో డచ్చివాళ్ళకున్న చోట్లన్నీ కూడా అదే కాగితంలో ఇచ్చేశారు. భీమిలి అందులోదే. 1825లో రెండూ చేతులు మారాయి. మా ఊరూ, నేను పనిచేసే దేశంలో ఈ ఊరూ, ఒకే కాగితం మీద అమ్ముడుపోయాయి అన్నమాట. ఎనిమిదో తరగతి సోషల్లో ఇది చెప్పుంటే నేను ఇంకా బాగా చదివేవాడినేమో.

కొండ దిగి రెండో చోటికి వెళ్ళాం. దాన్ని డచ్ గ్రేవ్‌యార్డ్ అంటారు. పేరుకే డచ్చి. అందులో డచ్చివాళ్ళ సమాధులు 5, ఇంగ్లీషువాళ్ళవి 33. గడ్డి కోసి శుభ్రంగా ఉంచారు. అక్కడ ఒక పొడుగు స్తంభం ఉంది, నానింగ్ యుద్ధంలో చనిపోయిన అధికారుల పేరు మీద. ఆ యుద్ధం కథ ఇదీ. మలక్కా వెనకాల నానింగ్ అనే చోటు ఉంది. అక్కడి పెద్ద పేరు డోల్ సయీద్. పంటలో పదో వంతు మాకు కట్టు అంది ఇంగ్లీషు కంపెనీ. నేను కట్టను, ఇది నా నేల అన్నాడు ఆయన. 1831లో చిన్న దళాన్ని పంపితే తిప్పికొట్టాడు. 1832లో పెద్ద సైన్యాన్ని పంపారు. అడవి నరికి రోడ్డు వేసుకుంటూ ఇరవై మైళ్ళ పైచిలుకు దారికి నెలలు పట్టింది. ఈరోజు కారులో గంట కూడా పట్టదు. చివరికి ఆయన ఊరు తబో పడిపోయింది. ఆయన 1834లో లొంగిపోతే పింఛను ఇచ్చి మలక్కాలో ఉంచారు. పదో వంతు కోసం ఖర్చు పెట్టింది మాత్రం పన్ను కంటే ఎన్నో రెట్లు.

ఆ సైన్యం ఎవరనుకున్నారు? మద్రాసు సైన్యం. సిపాయిలు మనవైపు వాళ్ళు. తమిళులు, తెలుగువాళ్ళు, ముస్లిములు. ఆ రోజుల్లో సిపాయిని కొన్ని చోట్ల తెలింగా అనే పిలిచేవారు, అంతమంది తెలుగువాళ్ళు ఉండేవారు పటాలాల్లో. అడవి నరికింది వాళ్ళు, రోడ్డు వేసింది వాళ్ళు, జ్వరాలతో పోయింది వాళ్ళు. స్తంభం మీద వాళ్ళ పేర్లు లేవు. నేను రెండుసార్లు చుట్టూ తిరిగి చూశాను.

మా ఆటలో ఇక్కడ ఒక వరసలో రాళ్ళు లెక్కపెట్టాలి. లెక్క నేను పెట్టాను. సైటులో రోజూ మనుషుల్ని లెక్కపెట్టేవాడిని కదా, నాకేం కష్టం. అంకె చెప్పాను, తమ్ముడు రాసుకున్నాడు.

మూడోది క్రైస్ట్ చర్చి. ఎర్రగా ఉంటుంది, మలక్కా ఫోటో అంటే అందరూ దాని ముందే దిగుతారు. పోర్చుగీసువాళ్ళ నుంచి ఊరు గెలిచి వందేళ్ళయిందని 1741లో మొదలెట్టి 1753లో పూర్తి చేశారు. ఎర్ర రంగు డచ్చివాళ్ళది కాదు, మొదట తెల్లగా ఉండేది. 1911లో ఎరుపు వేశారు. లోపలికెళ్ళి నేను మొదట పైకి చూశాను, మన వృత్తి అది. దూలాలు ఒక్కోటి 48 అడుగులు, అతుకు లేదు, ఒక్కో దూలం ఒక్కో చెట్టు. క్రేను లేదు, లారీ లేదు. ఎంతమంది మోసుంటారో, ఎవరు మోసుంటారో ఎక్కడా రాయలేదు.

తర్వాత కిందకి చూశాను. నేలలోనే సమాధి పలకలు పరిచి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద అక్షరాలు ఏ భాషో తెలియలేదు. కొక్కేలు కొక్కేలుగా ఉన్నాయి. తమ్ముడు చెప్పాడు, అది ఆర్మేనియా భాష అని. ఫోనులో దాని అర్థం చదివి వినిపించాడు. ఆ ఒక్క రాయి కోసమే ఈ పోస్టు రాస్తున్నాను.

ఆ మనిషి పేరు జేకబ్ షామియర్. ఆర్మేనియా జాతివాడు. ఇరాన్‌లో జుల్ఫా అనే చోట పుట్టాడు. వాళ్ళ నాయన వ్యాపారం చేసింది ఎక్కడో తెలుసా, మన మద్రాసులో. పెద్ద షావుకారు. మద్రాసులో 1770ల మొదట్లో ఆర్మేనియా భాషకి ప్రెస్ పెట్టించి, మన దేశానికి స్వాతంత్ర్యం రావాలి, రాజులు కాదు చట్టం ఏలాలి అని పుస్తకాలు వేయించిన కుటుంబం. అప్పటికి వాళ్ళ దేశం టర్కీవాళ్ళకీ ఇరాన్‌వాళ్ళకీ మధ్య నలిగిపోతోంది. ఈ జేకబ్ మలక్కా వచ్చి 1774 జులై 7న చనిపోయాడు. వయసు 29.

రాయి మీద ఏం రాయించాడంటే, నా మాటల్లో చెప్తాను. చదివేవాడికి ముందు నమస్కారం చెప్తాడు. తర్వాత ఒక కబురు అడుగుతాడు. మా వాళ్ళకి స్వేచ్ఛ వచ్చిందా? వాళ్ళని చూసుకునే మంచివాడు ఒకడైనా పుట్టాడా? నేను ఎదురుచూసి ఎదురుచూసి చూడకుండానే పోయాను అంటాడు. అదృష్టం నన్ను ఈ దూరపు మలక్కాకి తెచ్చింది, నేను డబ్బు పెట్టి కొనుక్కున్న నేలలో పడుకున్నాను అంటాడు.

ఆర్మేనియాకి స్వతంత్రం 1991లో వచ్చింది, అన్నాడు తమ్ముడు. మధ్యలో రెండేళ్ళు వచ్చి పోయింది, నిలబడింది 1991లో. నేను వేళ్ళ మీద లెక్కేశాను, 217 ఏళ్ళు. అన్నేళ్ళూ ఆ రాయి వచ్చినవాళ్ళనల్లా అడుగుతూనే ఉంది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి తెలుగులో చిన్నగా చెప్పాను, వచ్చింది బాబూ అని. నవ్వుకుంటే నవ్వుకోండి. ఊరి కబురు కోసం ఎదురుచూడ్డం అంటే ఏటో మనకంటే ఎవరికి తెలుసు?

బయటికొచ్చి అంకెలన్నీ కూడాం. లెక్క ప్రకారం నడిస్తే నది దాటించి, ఎక్కడో ఇళ్ళ మధ్య సందులోకి తీసుకెళ్ళింది. అరగంట వెతికాం, ఏమీ లేదు. తల ఎత్తితే దగ్గర్లోనే చైనా గుడిలా మెట్లు మెట్లుగా ఉన్న మినారు. అది కంపుంగ్ క్లింగ్ మసీదు, 1748 నాటిది. అప్పటి ఇండియా ముస్లిం వర్తకులు కట్టింది. క్లింగ్ అంటే కళింగ అనే మాట నుంచి వచ్చింది. కళింగం అంటే మా శ్రీకాకుళం, విశాఖ వైపే కదా. ఒకప్పుడు సముద్రం దాటి వచ్చిన వర్తకుడికి మర్యాదగా పెట్టిన పేరు. ఇప్పుడు మాత్రం అదే మాట ఇక్కడ ఇండియావాళ్ళని తిట్టడానికి వాడతారు. కొత్తగా వచ్చినప్పుడు ఒకడు నన్ను ఆ మాట అంటే అర్థం కాక నవ్వాను. అర్థమయ్యాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది మా ఊరి పేరేనని తెలిసుంటే అంత కుంగిపోయేవాడిని కాదు.

సరే, తప్పెక్కడ? సందులో మెట్ల మీద కూర్చుని వెనక్కి లెక్క చూశాం. సర్వే పని తెలిసినవాళ్ళకి ఇది ఈజీ. అక్షాంశంలో ఒక మినిట్ అంటే 1852 మీటర్లు. మలక్కా భూమధ్యరేఖ దగ్గరే కాబట్టి అడ్డంగా కూడా దాదాపు అంతే. మినిట్ తర్వాత చుక్క పెట్టి మూడు అంకెలు ఉంటాయి. మూడో అంకె ఒకటి తప్పితే రెండు మీటర్ల లోపే తేడా. మొదటి అంకె ఒకటి తప్పితే 185 మీటర్లు. మేం ఆ అంకెని ఉత్తరం లెక్కలో కలపాలి, తూర్పు లెక్కలో తీసెయ్యాలి. అంటే ఉత్తరానికి 185, పడమరకి 185, మూలగా 260 మీటర్లు తప్పిపోయాం. ఒక్క అంకె. అది డచ్ గ్రేవ్‌యార్డ్‌లో నేను లెక్కపెట్టిందే.

మళ్ళీ వెళ్ళి చూశాను. ఒక రాయి నిలువుగా పగిలి రెండు ముక్కలై ఉంది. నేను రెండు రాళ్ళుగా లెక్కపెట్టాను. ఒక మనిషిని ఇద్దరు చేశాను.

అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయాను. ఎందుకో చెప్తాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ళ కిందట నేను వేరే సైటులో ఉన్నప్పుడు మా దగ్గర కడ్డీలు కట్టే కుర్రాడు ఒకడు ఉండేవాడు. అందరం బాబు అనేవాళ్ళం. హాజరు పుస్తకంలో నేను బాబు అనే రాశాను, పక్కన ఒక నంబరు. ఒకరోజు రాత్రి గదిలో గుండె నొప్పి వచ్చి పోయాడు. 31 ఏళ్ళు. ఆసుపత్రికి తీసుకెళ్ళినవాళ్ళు వాళ్ళకి తెలిసిన పేరు చెప్పారు. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఉంది, అందులో పేరు వేరు. పర్మిట్ కాగితంలో ఇంటిపేరు వెనకా ముందూ అయ్యి మూడో రకంగా ఉంది. నా పుస్తకంలో ఒక మనిషి, మార్చురీలో ఒక మనిషి, పాస్‌పోర్టులో ఒక మనిషి. ముగ్గురూ ఒకడే అని నిరూపించడానికి ఐదు వారాలు పట్టింది. ఇంటి నంబరు ఎవరి దగ్గరా లేదు, అతని ఫోనుకి లాకు. ఐదు వారాలు వాళ్ళమ్మ కొడుకు ఫోను ఎత్తట్లేదు అనుకుంటూ ఉంది. ఎవరూ రాకపోతే ఇక్కడే పూడ్చేస్తాం అన్నారు. చివరికి ఊరికి పంపాం. పెట్టె వెళ్ళిన రోజు నేను ఎయిర్‌పోర్టుకి వెళ్ళలేదు. మొహం చెల్లలేదు. రెండేళ్ళు నా కింద పనిచేసినవాడి పూర్తి పేరు నాకు తెలీదు. తప్పు కంపెనీది కొంత, ఏజెంటుది కొంత, కానీ పుస్తకంలో రాసిన చెయ్యి నాది.

చరిత్రలో కూడా ఇలాగే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌వాళ్ళు 1942, 43లో థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు దారి వేయించారు. సర్వేయరు తమ్ముడి ముత్తాత తరంవాళ్ళని, ఈ దేశం తోటల్లో పనిచేసే తమిళుల్ని, తెలుగువాళ్ళని వేలకి వేలు రైళ్ళలో తీసుకెళ్ళారు. చనిపోయిన యుద్ధ ఖైదీలు 13 వేల వరకు. కాంచనబురిలో వాళ్ళలో దాదాపు 7 వేల మందికి వరసగా రాళ్ళున్నాయి, పేరు, వయసు, పటాలం అన్నీ. చనిపోయిన కూలీలు 80 వేల నుంచి లక్ష దాకా అంటారు. అంటారు, అంతే. ఖైదీల లెక్క రాసి ఉంది, కూలీల లెక్క అంచనా. వాళ్ళకి రాళ్ళు లేవు. రాసే చెయ్యి లేకపోతే మనిషి అంకె అవుతాడు, అంకె కూడా అంచనా అవుతుంది. జేకబ్ షావుకారు బిడ్డ కాబట్టి నేల కొనుక్కున్నాడు, రాయి చెక్కించుకున్నాడు. మన దగ్గర రాయి లేదు. కాగితం ఉంది.

సరైన అంకె వేసి వెళ్తే డబ్బా పది నిమిషాల్లో దొరికింది. అరచేతిలో పట్టేంత ఉంది, లోపల చుట్టచుట్టిన కాగితం. ఏవేవో దేశాలవాళ్ళ పేర్లు. తమ్ముడు తన ఆట పేరు రాశాడు. నేను నా పేరు తెలుగులో ఇంటిపేరుతో సహా రాశాను. దాని కింద బాబు అసలు పేరు, ఇంటిపేరు, ఊరు పేరు రాశాను. ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. ఇక్కడ మాత్రం రాయను, వాళ్ళ ఇంట్లోవాళ్ళని అడగలేదు. తమ్ముడు ఏంటన్నా అది అని అడిగాడు, చదవడం రాదు కదా. పేరు అన్నాను.

ఇప్పుడు పనికొచ్చే మాట. మలేషియాలో, ఇంకెక్కడైనా ఉన్న తమ్ముళ్ళూ, ఈరోజే చెయ్యండి. పాస్‌పోర్టు, పర్మిట్ ఫోటో తీసి ఇంటికి పంపండి. రెండింటిలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఇప్పుడే అడగండి. ఇంటి నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఫోనులో ఉంటే చాలదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఆ కాగితం ఇంట్లోవాళ్ళకి ఇచ్చి రండి. ఇక్కడ పర్మిట్ ఉన్న విదేశీ కార్మికులకి కూడా 2019 జనవరి నుంచి సోక్సో వర్తిస్తుంది. మీ పేరు కట్టారో లేదో అడగడానికి సిగ్గుపడకండి. కష్టం వస్తే కౌలాలంపూర్‌లో మన హైకమిషన్ ఉంది.

నాలాంటి సూపర్‌వైజర్లకి ఒక్క మాట. హాజరు పుస్తకంలో బాబు, చిన్నా, బావ అని రాయకండి. నేను ఆ రోజు నుంచి ప్రతి కొత్త మనిషి పాస్‌పోర్టు చూసి పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు, ఇంటి నంబరు నా చేత్తో రాసుకుంటున్నాను. రెండు నిమిషాల పని.

నేను చదివింది పదో తరగతి, రాతలో తప్పులుంటే సర్దుకోండి. భీమిలి వైపు వాళ్ళెవరైనా ఉంటే ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒలందుల సమాధుల దగ్గర ఒక్కసారి ఆగండి. మేకలు తోలేవాళ్ళకి చెప్పండి, మలక్కాలో వీటి చుట్టాలున్నాయని.

ఉంటాను. రేపు పొద్దున్న ఆరింటికి స్లాబు కాంక్రీటు ఉంది.